ఇందులో గోధుమ ఉందాండీ?

"ఏం బాబూ, చపాతీ కూడా తినరా? పోనీ పుల్కా వెయ్యమంటారా?"

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళను లెక్కపెడితే మా కోరుకొండ నరసింహస్వామి కొండమెట్లకంటె ఎక్కువే తేలతారేమో. అడిగేవాళ్ళందరూ మంచివాళ్ళే. అన్నం మానేసి చపాతీ తినేవాణ్ణి ఈ కాలంలో అందరూ మెచ్చుకుంటారు. చపాతీ మానేసి అన్నమే తింటానంటే మటుకు వింతగా చూస్తారు. "షుగరున్నవాళ్ళు అన్నం మానేస్తారు గాని, నీదేం జబ్బురా?" అని మా వీధిలో పెద్దాయన ఒకరు నిలదీశారు కూడా. ఆయనకి చెప్పిన సమాధానమే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. విద్యార్థి మిత్రులకీ, గురువులకీ, ఈ కాలేజీ గడప దాటి వెళ్ళిన పెద్దలకీ పనికొచ్చే మాట ఇందులో ఒక్కటైనా ఉందని నా నమ్మకం.

నా జబ్బు పేరు సీలియాక్. గోధుమపిండిని ముద్ద కలిపి నీళ్ళలో పిసికి కడిగేస్తే, గంజి అంతా పోయి రబ్బరులాంటి జిగురు ఒకటి చేతిలో మిగులుతుంది. దాన్నే గ్లూటెన్ అంటారు. చపాతీ సాగేదీ, బ్రెడ్డు పొంగేదీ దాని చలవే. గోధుమలోనే కాదు, బార్లీలోనూ, మన వైపు కనబడని రై అనే ధాన్యంలోనూ ఈ జాతి పదార్థమే ఉంటుంది. సీలియాక్ ఉన్నవాడు దాన్ని తింటే ఒంటిని కాపాడవలసిన రక్షణవ్యవస్థే తిరగబడి చిన్నపేగు లోపలిపొరను దెబ్బతీస్తుంది. ఆ పొరమీద తివాచీ నూగులా నిలబడివుండే సన్నటి చూషకాలు అరిగి చదునైపోతాయి. అవే లేనప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. రక్తహీనత, నీరసం, విరేచనాలు, కడుపుబ్బరం, పిల్లలైతే ఎదుగుదల లేకపోవడం – ఇలా రకరకాల వేషాల్లో కనబడుతుంది. ఇది "పడకపోవడం" కాదు. కొంచెం కొంచెంగా తిని అలవాటు చేసుకుంటే పోయేదీ కాదు. దీనికి మందు లేదు. బతికినన్నాళ్ళూ గ్లూటెన్ మానెయ్యడమే మందు.

నాకు ఇది ఉందని తేలేసరికి ఇంటర్మీడియట్ దాటిపోయింది. అప్పటిదాకా రక్తం లేదని ఐరన్ మాత్రలు మింగాను. నీరసంగా ఉన్నానని ఇంట్లోవాళ్ళు ఏం పెట్టారో చూడండి: పొద్దున్న బ్రెడ్డు, మధ్యాహ్నం బార్లీ నీళ్ళు, రాత్రి పాలలో కలిపిన మాల్టు పొడి. రోగికి పెట్టేవని మనం నమ్మే మూడింటిలోనూ గ్లూటెనే! ప్రేమతో పెట్టినవాళ్ళ తప్పు కాదది. వాళ్ళకి తెలీదు, నాకూ తెలీదు. "మన ఆంధ్రావాళ్ళకి ఈ జబ్బు రాదు, అది రొట్టెలు తినే ఉత్తరాదివాళ్ళది" అన్న మాట మటుకు ఒకచోట కాదు, చాలాచోట్ల విన్నాను. చివరికి రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష, ఆపైన ఎండోస్కోపీలో పేగుముక్క తీసి చూడడం జరిగాక గాని సంగతి బయటపడలేదు. ఇక్కడే ఒక హెచ్చరిక: ఈ రాత చదివి ఎవరికైనా అనుమానం కలిగితే, పరీక్ష చేయించుకోకుండా గోధుమ మానెయ్యకండి. మానేస్తే పేగు కోలుకుంటుంది, పరీక్షకి జబ్బు దొరక్కుండా పోతుంది.

"మనకి రాదు" అన్న మాటలో ఎంత నిజముందో చెప్పడానికి ఒక లెక్క ఉంది. మనదేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్ళను పరీక్షించి 2016లో ఒక అధ్యయనం ప్రకటించారు. ఈ జబ్బు జాడ తెలిపే ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిలో 0.10 మందిలో కనబడ్డాయి. అదే అధ్యయనంలో రోజువారీ గోధుమ వాడకం కూడా చూశారు: ఉత్తరాదిలో మనిషికి 455 గ్రాములు, ఈశాన్యంలో 37, దక్షిణాదిలో 25. ఈ జబ్బుకి అనువైన జన్యువులు మాత్రం అన్ని ప్రాంతాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. అంటే రక్తంలో తేడా లేదు, కంచంలో ఉంది. మన తాతలు వరి తిన్నారు గనుక జబ్బు నిద్రపోయింది. ఆ 25 గ్రాములు 100 అయి, 200 అయితే నిద్రలేవదని ఎవరు పూచీ?

గోధుమ మన వంటింట్లోకి దొంగలా రాలేదు, చుట్టంలా వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరికి పుట్టిల్లయింది. అలాంటి గడ్డమీద ఉప్మా, సేమ్యా పాయసం, పూరీ, మైసూరు బజ్జీ, రాత్రిపూట చపాతీ ఇవాళ మనవే అన్నంతగా కలిసిపోయాయి. దేశమంతటా తిండిగింజలు చాలని రోజుల్లో, 1956 ఒప్పందంతో, అమెరికా గోధుమ ఓడల్లో వచ్చింది. తరవాత హరితవిప్లవంతో మన గోధుమే పెరిగింది. ఆకలి తీర్చిన ధాన్యాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నా గొడవల్లా పేర్లతోనే.

కోరుకొండ అనగానే "సైనిక్ స్కూలున్న ఊరా?" అని అడుగుతారు. కాదండీ, అది విజయనగరం దగ్గర కోరుకొండ. మాది రాజమండ్రి దగ్గరది. పేరొకటే, ఊర్లు వేరు. రవ్వ సంగతీ అంతే. ఇడ్లీ రవ్వ బియ్యం. బొంబాయి రవ్వ గోధుమ. ఇడ్లీ నాకు అన్నం, ఉప్మా నాకు విషం. చూడబోతే రెండూ తెల్లగానే ఉంటాయి. బొంబాయి రవ్వ పేరులోనే అది పొరుగూరి సరుకని ఉంది, అయినా మనం గమనించం. మైదా అన్నా గోధుమే, సేమ్యా అన్నా ఎక్కువగా గోధుమే. "గోధుమ వెయ్యలేదండీ, మైదాయే వేశాం" అని భరోసా ఇచ్చిన వంటవాళ్ళు నాకు తెలుసు. ఆయన అబద్ధమాడలేదు. ఆయన భాషలో గోధుమంటే ఎర్రటి ఆటా, మైదా మరో పదార్థం.

ఇక హోటలు సంగతి. రాజమండ్రిలో బస్సు దిగి ఆకలితో ఏదో ఒక కాఫీ హోటల్లో కూర్చున్నాననుకోండి. పెసరట్టు నాది, పెసరట్టులో పెట్టే ఉప్మా నాది కాదు. ఉప్మా వద్దంటే సరిపోతుందా? ఆ పెనం మీద నాకు ముందు రవ్వదోసె పోశారా, ఆ అట్లకాడే చపాతీ తిప్పిందా అన్నది చూసుకోవాలి. గారె మినప్పప్పే, కాని అదే మూకుడులో ఇందాకే మైసూరు బజ్జీలు వేగాయి. పునుగుల్లో మైదా కలిపే చోట్లున్నాయి. అన్నిటికంటె జిత్తులమారిది ఇంగువ. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం గనుక బజారులో అమ్మే డబ్బా ఇంగువలో చాలామటుకు గోధుమపిండో మైదావో, బంకతో కలిపి ఉంటుంది. డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది, చదివేవాళ్ళు లేరు. సాంబారు, చారు, పులిహోర – చిటికెడు ఇంగువ పడని వంట మనకేది? బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది. రెండూ ఒకే అల్మారాలో పక్కపక్కనే కూర్చుంటాయి.

ఒకసారి ఒక హోటల్లో అడిగాను: "సాంబారులో గోధుమపిండి గాని ఉందాండీ?"

సర్వరు నవ్వి, "సాంబార్లో గోధుమపిండేటండీ బాబూ! కందిపప్పండి" అన్నాడు. ఇంగువ మాట అడగడం నాకు అప్పటికి తెలీదు. రెండు గిన్నెలు తాగాను. తరవాత మూడు రోజులు కాలేజీకి రాలేదు.

మరొక హోటల్లో అదే ప్రశ్నకి ఒక ముసలాయన లోపలికెళ్ళి, ఇంగువ డబ్బా చేత్తో పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. "నాకు చదువు రాదు బాబూ, మీరే చూసుకోండి. ఇది పడకపోతే చట్నీతో తినండి, కొబ్బరి చట్నీలో తాళింపు వెయ్యకుండా తీసిస్తాను" అన్నాడు. ఆ పూట రెండిడ్లీలు తిన్న తృప్తి నాకు ఏ పెళ్ళి భోజనంలోనూ కలగలేదు. మొదటివాడు తెలిసినట్టు చెప్పాడు. రెండోవాడు తెలీదని ఒప్పుకుని తెలుసుకునే దారి చూపించాడు. నాకు కావలసినదల్లా ఆ రెండోదే.

ఇంటి వంట మాటకొస్తే నేను అదృష్టవంతుణ్ణి. పట్నాల్లో గ్లూటెన్ లేని బ్రెడ్డు, గ్లూటెన్ లేని బిస్కట్లు అంటూ మామూలు సరుకుకి ఎన్నో రెట్ల ధరకి అమ్ముతున్నారు. కొనగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు. మా ఇంట్లో వాటి అవసరం రాలేదు. మా మామ్మ ఒక్క నిట్టూర్పు విడిచి, "అయితే మా చిన్నప్పటి వంట చేసుకుంటే సరిపాయె కదరా" అంది. బొంబాయి రవ్వ ఉప్మా స్థానంలో బియ్యపునూకా పెసరపప్పూ వేసిన ఉప్పుడుపిండి వచ్చింది. చపాతీ స్థానంలో ఒక పూట దిబ్బరొట్టె, ఒక పూట జొన్నరొట్టె. సేమ్యా పోయి పాలతాలికలు తిరిగొచ్చాయి. జంతికలు, అరిసెలు, సున్నుండలు ఎలాగూ ఉన్నాయి. కాజా – తాపేశ్వరానిదైనా కాకినాడదైనా – మైదా గనుక కళ్ళతో తింటాను. ఆత్రేయపురం పూతరేకు మటుకు బియ్యపు రేకే గనుక నోటితో తింటాను. 2023లో పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరికంటె నేనే ఎక్కువ సంతోషించి ఉంటాను. ఇప్పుడు వాటిలోనూ మాల్టు పొడులు చల్లిన రకాలు వచ్చాయి గనుక అక్కడా అడిగే కొనాలి.

ఇంట్లో కూడా జాగ్రత్త తప్పదు. బియ్యం పిండిమరకి పట్టుకెళితే, మనకి ముందు గోధుమలు ఆడించుకెళ్ళినవాళ్ళ పిండి మరలో కొంత మిగిలే ఉంటుంది, అది మన పిండిలోకి దిగుతుంది. అందుకని మామ్మ బియ్యం నానబోసి, ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీలో పడుతుంది. నా అట్లపెనం వేరు, నా గరిటె వేరు. "మడి కట్టుకున్నట్టుంది రా నీ వరస" అని నవ్వుతుంది. నిజమే. కాని ఈ మడిలో తక్కువవాడూ ఎక్కువవాడూ లేడు, ఉన్నదల్లా పిండి.

ఈ జబ్బుకి గోధుమ కారణమని లోకం తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. లండన్‌లో శామ్యూల్ గీ అనే వైద్యుడు 1888లోనే రోగలక్షణాలు వర్ణించాడు గాని కారణం దొరకలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు రొట్టె మాన్పించి అరటిపళ్ళు పెట్టి పిల్లల్ని బాగుచేశాడు. రావులపాలెం అరటి మార్కెట్టు చూసిన మనకి ఇది ముచ్చటగానే ఉంటుంది గాని, ఆయన అరటిపండే మందనుకున్నాడు; నిజానికి మేలు చేసింది కంచంలోకి వచ్చిన పండు కాదు, కంచంలోంచి పోయిన రొట్టె. హాలెండు పిల్లల వైద్యుడు విల్లెం డికేకి గోధుమ మీద ముందునుంచే అనుమానం ఉండేది. 1944–45 చలికాలంలో, యుద్ధం మూలాన ఆ దేశంలో రొట్టె దొరక్క జనం మాడిపోతూంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ పడిపోవడం కనబడింది. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథంలో గోధుమే దోషి అని తేల్చాడు. దేశమంతా ఆకలితో ఉన్నప్పుడు కొందరు పిల్లలు కోలుకోవడమంటే ఎంత విచిత్రమో ఆలోచించండి. పదిమందికి ప్రాణం పోసేది ఒకడికి ప్రాణాంతకం కావచ్చు. ఆ ఒకడు చెప్పేది నమ్మాలి, అంతే.

నమ్మకం మాట వచ్చింది గనుక ప్రసాదం సంగతి చెప్పాలి. జబ్బు కంటె, హోటళ్ళ కంటె నన్ను ఎక్కువ ఏడిపించింది అదే.

మా వైపు అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం తెలియనివాళ్ళు లేరు. గోధుమనూక, పంచదార, నెయ్యి, యాలకులు. ఆకులో కట్టిన ఆ పొట్లం విప్పితే వచ్చే వాసన వేరు. హైవే మీద వెళ్ళే కార్లు తొలిపావంచా దగ్గర ఆగేది సగం దణ్ణానికి, సగం ఆ పొట్లానికి. జబ్బు తేలిన ఏడాది మా మామ్మ నా కోసం మొక్కుకుని అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుని, పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా ఆరోగ్యం కోసం మొక్కిన మొక్కు, నా ఒంటికి సరిపడని ప్రసాదం. "స్వామి ప్రసాదం ఏం చెయ్యదురా, కళ్ళకద్దుకుని ఒక్క పలుకు నోట్లో వేసుకో" అంది. నేను కళ్ళకద్దుకుని, పొట్లం తమ్ముడికిచ్చేశాను. మామ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

కొన్నాళ్ళకి ఇంట్లో వ్రతం చేసుకున్నాం. ప్రసాదం మాట వచ్చినప్పుడు పంతులుగారిని మామ్మే అడిగింది, గొంతు తగ్గించి, "వీడికి గోధుమ పడదండీ, ఏం చెయ్యమంటారు?" అని. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "దానికేమమ్మా? గోధుమపిండి లేకపోతే వరిపిండితో చెయ్యమని వ్రతకథలోనే ఉంది. మనం వినం గాని మొదటి అధ్యాయంలో ప్రతిసారీ చదువుతూనే ఉంటాను" అన్నారు. బియ్యపునూక నేతిలో వేయించి, పంచదార పోసి చేశారు. మామ్మ మొదటి పలుకు నా నోట్లో పెట్టింది.

క్రైస్తవ మిత్రుడొకడికి ఈ ముచ్చట చెబితే వాళ్ళలోనూ ఇదే చిక్కుందన్నాడు. కతోలిక చర్చిలో ఇచ్చే అప్పం గోధుమతోనే చెయ్యాలి. బొత్తిగా గ్లూటెన్ లేనిది చెల్లదు గాని, బాగా తగ్గించినది చెల్లుతుందని వాటికన్ 2017లో మరొకసారి స్పష్టం చేసింది. దేవుళ్ళకీ, శాస్త్రాలకీ లేని పట్టుదల మన మెస్సులకీ పెళ్ళిపందిళ్ళకీ ఎందుకండీ?

ప్యాకెట్ల విషయంలో చట్టం ఉంది. కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉన్న సరుకుని గ్లూటెన్ లేనిదని అమ్మకూడదు; గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే ఆ సంగతి లేబులు మీద చెప్పాలి. కాని సాంబారు బకెట్టుకి లేబులేదీ? హాస్టలు గిన్నె మీద ఏం రాసి ఉంటుంది? అక్కడ లేబులు వడ్డించేవాడి నోరే.

సన్నబడడానికని ఫ్యాషనుగా గోధుమ మానేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళిష్టం వాళ్ళది. కాని వాళ్ళు సోమవారం మానేసి మంగళవారం కేకు తింటారు. అది చూసినవాళ్ళు "వీళ్ళదంతా వేషం" అని మమ్మల్నీ ఆ గాటనే కట్టేస్తారు. "ఒక్కడి కోసం మెస్సంతా మారాలా?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. మెస్సు మారనక్కర్లేదు. నాలుగు చిన్న పనులు చేస్తే చాలు. మెస్సు కమిటీకీ, మన విద్యార్థిసంఘానికీ వాటినే మనవి చేసుకుంటున్నాను.

ఒకటి: రోజూ పెట్టే పదార్థాల పక్కన గోధుమ, మైదా, బొంబాయి రవ్వ ఉన్నవాటికి బోర్డు మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టండి. రెండు: చపాతీ రోజున కూడా రాత్రి అన్నం వండండి. మధ్యాహ్నం మిగిలింది కాదు, వేడన్నం. మూడు: ఇంగువ కొనేటప్పుడు బియ్యప్పిండి కలిపినది కొనండి, ఆ ఒక్క డబ్బా మారితే సాంబారూ చారూ పులిహోరా అన్నీ ఒకేసారి నావి అవుతాయి. నాలుగు: ఒక గరిటె, ఒక పెనం విడిగా ఉంచండి.

ఈ నాలుగూ నా ఒక్కడి కోసమే అడగడం లేదు. దక్షిణాదిలో వెయ్యిమందికి ఒకరు అన్న లెక్క ప్రకారం చూసినా, కొన్ని వేలమంది చదివే చోట నాలాంటివాళ్ళు మరికొందరు ఉండే అవకాశముంది. వాళ్ళకి ఇంకా తెలిసి ఉండకపోవచ్చు. రక్తం లేదని మాత్రలు మింగుతూ, నీరసంగా ఉందని బ్రెడ్డు తింటూ వెనక బెంచీలో తల వాల్చుకుని ఉండొచ్చు. ఆ అబ్బాయో అమ్మాయో ఈ పేజీ చదివి డాక్టరు దగ్గరికి వెళితే నాకంతకంటె కావలసింది లేదు.

మిగిలినవాళ్ళకి నా విన్నపం ఒకటే. రేపు మీ ఇంట్లోనో, మీ ఊరి తీర్థంలోనో, మీ అక్కయ్య పెళ్ళిలోనో ఎవరైనా మొహమాటపడుతూ "ఇందులో గోధుమ ఉందాండీ?" అని అడిగితే, నవ్వకండి, బలవంతపెట్టకండి. తెలిస్తే తెలుసని చెప్పండి. తెలీకపోతే ఆ ముసలాయనలాగ లోపలికెళ్ళి డబ్బా పట్టుకురండి.